నేలకు తీర్పు దొరికింది, నీళ్లకు దొరకలేదు: తూర్పు కోల్‌కతా చేపల చెరువుల గొడవ ఎక్కడ మొదలైంది?

తూర్పు కోల్‌కతా చిత్తడి నేలల్లో అక్రమ కట్టడాల గొడవ మళ్లీ రాజుకుంది. వార్తల నిండా గోడౌన్లు, ప్లాట్లు, కూల్చివేతలే. అక్కడ చేపలు పెంచేవాళ్లు, నగరపు చెత్త పోసే ధాపాలో కూరగాయలు పండించేవాళ్లు ఆ నేలను ఎందుకు వదులుకుంటున్నారని అడిగేవాళ్లు తక్కువ. దీనికి జవాబు 1992లో ఉంది.

ఇక్కడికి ఆటుపోట్ల ఉప్పునీరు తెచ్చే విద్యాధరి నది పూడిపోవడం, ఆ ఉప్పునీటి చెరువుల్లోకి నగరపు మురుగు రావడం పాత కథే. ఒక్క విషయం గుర్తుంటే చాలు. 1960లలో హుగ్లీ నుంచి తోడిన మట్టితో ఇక్కడి చెరువులనే పూడ్చి సాల్ట్‌లేక్ కట్టారు. చెరువంటే పూడ్చుకోదగ్గ ఖాళీ జాగా అన్న ఆలోచన అప్పటి నుంచి నగరాన్ని వదల్లేదు.

ఆ ఆలోచనకు ఎదురు నిలిచిన మనిషి రాష్ట్ర ప్రభుత్వ ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్. 1980ల మొదట్లో నగరపు మురుగు ఎటు పోతోందని కాలువ వెంబడి నడిచి, ఆయన ఈ చెరువుల దగ్గరికి చేరారు. మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా ఉండే చెరువులవి. ఎండగట్టి, సున్నం చల్లి, ఇప్పచెక్క వేసి, తూము తెరిచి మురుగును కొద్దికొద్దిగా వదులుతారు. ఎండకు నాచు పుడుతుంది, మలినాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి. నీళ్లు తేరుకున్నాక చేపపిల్లలు వేస్తారు. మనం పీకి పారేసే గుర్రపుడెక్కను వాళ్లు గట్ల పక్కన కావాలనే ఉంచుతారు. అలలకు గట్టు కోసుకుపోదు, నీటిలోని లోహాలను కూడా అది పీల్చుకుంటుంది. నగరం నడిబొడ్డు నుంచి రోజూ వచ్చే సుమారు 75 కోట్ల లీటర్ల మురుగుకు శుద్ధి ప్లాంటు ఈ చెరువులే. కరెంటు బిల్లు లేదు. పైగా ఏడాదికి దాదాపు 10,000 టన్నుల చేపలు.

ఇక్కడ వరల్డ్ ట్రేడ్ సెంటర్ కడతామని రాష్ట్ర ప్రభుత్వం అన్నప్పుడు ‘పబ్లిక్’ అనే పౌరసంస్థ కోర్టుకెక్కింది. నగరానికి పెట్టుబడులు, ఉద్యోగాలు కావాలన్నది ప్రభుత్వ వాదన. 1992 సెప్టెంబరులో జస్టిస్ ఉమేశ్‌చంద్ర బెనర్జీ ఇచ్చిన తీర్పు చెరువుల పక్షాన నిలిచింది: నేల వాడుక మార్చకూడదు, ఉన్నది ఉన్నట్టే ఉంచాలి. ఆ తీర్పే లేకపోతే ఈరోజు మాట్లాడుకోవడానికి చెరువులే మిగిలేవి కావు.

అయితే చెరువు ఉన్నది ఉన్నట్టు ఉండాలంటే మురుగు రావాలి. బాన్‌తలా లాకుల దగ్గర కాలువలో నీటిమట్టం పైకి ఉంటేనే అది తనంత తాను చెరువుల్లోకి పారుతుంది. వానాకాలంలో వీధులు మునగకూడదంటే అదే మట్టం కిందికి ఉండాలన్నది డ్రైనేజీ వాళ్ల అవసరం. ఈ పేచీలో మట్టం దించినప్పుడల్లా, కాలువ పూడిక తీయనప్పుడల్లా చివరి చెరువు ఎండుతుంది. ఎండిన చెరువుకు కొనేవాడు వెంటనే దొరుకుతాడు. రైతు అమ్ముకున్నాడని తప్పంతా అతని మీద వేయడం అన్యాయం. 1996లో సుప్రీంకోర్టు ఆదేశంతో టాంగ్రా, తిల్‌జలా, తోప్సియాల తోళ్ల శుద్ధి కర్మాగారాలను బాన్‌తలాకే తరలించాలనుకున్నప్పుడు, తోళ్ల శుద్ధిలో వాడే విషపూరిత లోహం క్రోమియం భయం కూడా వీళ్ల గుమ్మంలోకే వచ్చింది.

మన కొల్లేరుకూ దీనికీ ఒక చుట్టరికం ఉంది. అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలకు ఇచ్చే రామ్‌సర్ గుర్తింపు రెండింటికీ ఒకే రోజు వచ్చింది, 2002 ఆగస్టు 19న. 2006లో కొల్లేటిలో సరస్సును కాపాడటానికి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అదే ఏడాది పశ్చిమ బెంగాల్ చట్టం చేసి, 12,500 హెక్టార్లను చూసుకోవడానికి ఒక అథారిటీని పెట్టింది. కోల్‌కతాలో చేపలు పెంచడం ఆపితే చిత్తడి నేలే ఉండదు. ఈ తేడా తెలియకుండా రెండుచోట్లా ఒకే మందు వేయలేం.

హౌరా మార్కెట్‌కు ఐసు పెట్టెల్లో శీలావతి, బొచ్చె వెళ్లేది భీమవరం, ఆకివీడు వైపు నుంచే. తూర్పు చెరువుల చేప మాత్రం తెల్లవారకముందే ప్రాణంతో వస్తుంది. చేపలకు గాలి అందాలని అల్యూమినియం బిందెల్లో నీళ్లను దారి పొడవునా చేత్తో కొడుతూ తెస్తారు. బెంగాలీ ఇంట్లో బతికున్న చేపకున్న గిరాకీయే ఈ చిన్న పెంపకందార్లను ఇన్నాళ్లు నిలబెట్టింది.

అథారిటీ నోటీసులిస్తోందని, కేసులు పెడుతోందని ప్రభుత్వం అంటోంది. నోటీసులు అక్రమంగా కట్టిన గోడల మీదికి వెళ్తున్నాయి. చెరువుల వాళ్లు అడిగేది కాలువ పూడిక తీయమని, బాన్‌తలా దగ్గర తమకు అందే మట్టంలో నీళ్లు నిలపమని.