ఇంటి ముందే కారుకు రంగు వేసుకోవడం: అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో కార్లకు రంగులు వేసే పనిలో నేను ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. యజమానులు ఇంటి దగ్గర సొంతంగా రంగు వేయడం మొదలుపెట్టి, మధ్యలో చేతులెత్తేసిన కార్లు ఏటా కొన్ని మా షెడ్డుకు వస్తుంటాయి. వాటిలో రంగు చల్లే స్ప్రే గన్ను సరిగా పట్టుకోలేక పాడైనవి తక్కువే. చాలావరకు రంగు కింద ఉన్న పొరలోనో, ఆ రోజు గాలిలో ఉన్న తేమలోనో, ఒక డబ్బాకూ ఇంకో డబ్బాకూ పొత్తు కుదరకపోవడంలోనో పాడైనవే. ఆ కారు యజమానితో మాట్లాడినప్పుడల్లా ఎవరో చెప్పగా నమ్మిన మాట ఒకటి బయటపడుతుంది. అలాంటి మాటలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను.

నేను దృష్టిలో పెట్టుకున్నది పాత మారుతి 800 లాంటి కారు. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి దాకా తయారైన ఆ బండి మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంది. దానికి షెడ్డులో ఫుల్ పెయింటింగ్ చేయిస్తే అయ్యే ఖర్చు ఒక్కోసారి బండి ధరకే దగ్గరగా వస్తుంది కాబట్టి, ఇంట్లో వేసుకుందామనే ఆలోచనను నేను తప్పుపట్టను.

అపోహ: రంగు వెలిసిపోయిందంటే మళ్లీ రంగు వేయాల్సిందే.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన బానెట్టు మీద అరచేయంత మేర రబ్బింగ్ కాంపౌండుతో గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు కారు రంగు అంటితే పైన క్లియర్ కోటు, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన పూత, లేదని, ఎండకు మాడింది రంగు పైపొర మాత్రమేనని అర్థం. అలాంటి కారుకు రెండు రోజుల పాలిష్ పని చాలు, రంగు డబ్బా కొనవలసిన అవసరమే రాకపోవచ్చు. క్లియర్ కోటు పాము కుబుసంలా పొరలు పొరలుగా లేచిపోతుంటే మాత్రం ఎంత రుద్దినా ప్రయోజనం లేదు, అక్కడ రంగు వేయక తప్పదు.

అపోహ: పాత రంగునంతా రేకు కనిపించేదాకా గీకేయాలి.

ఇది శ్రమకు శ్రమ, నష్టానికి నష్టం. ఫ్యాక్టరీలో కారు బాడీ మొత్తాన్ని ప్రైమరు తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో ఆ ప్రైమరును రేకుకు పట్టించి, ఆ తరువాత వేడి గదిలో కాలుస్తారు. తుప్పును ఆపడంలో ఆ పొరకు సాటివచ్చేదాన్ని మనం ఇంటి ముందు వేయలేము. ఆ ప్రైమరు, రంగు, క్లియర్ అన్నీ కలిపినా ఫ్యాక్టరీ పూత మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు మాత్రమే ఉంటుంది. గట్టిగా పట్టుకుని ఉన్న పాత రంగును 400 నంబరు ఎమరీ కాగితంతో (నంబరు పెరిగినకొద్దీ కాగితం గరుకు తగ్గుతుంది) మెరుపు పోయేదాకా రుద్దితే చాలు. కొత్త పూతకు అదే మంచి పునాది.

తుప్పు పట్టిన చోట మాత్రం మొహమాటం పనికిరాదు. 80 నంబరు కాగితంతో మెరిసే రేకు కనిపించేదాకా గీకి, గుంటల్లో మిగిలిన నల్లటి మచ్చలకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉండే రస్ట్ కన్వర్టరు పూసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఆగి, ఆ తరువాతే ప్రైమరు వేయాలి. కిటికీ గ్రిల్లుకు వేయగా మిగిలిన రెడ్ ఆక్సైడును చాలామంది ఇక్కడ వాడేస్తారు. గ్రిల్లుకు అది చక్కని ప్రైమరే గానీ, దాని మీద పడబోయే థిన్నరు (రంగును పలుచన చేసే ద్రావకం) ఏదో చూసుకోకుండా కారుకు వేయకూడదు. ఎందుకన్నది కొద్దిగా కిందకు వెళ్లాక చెబుతాను.

అపోహ: లప్పం దండిగా పెట్టి నీళ్లతో రుద్దితే అద్దంలా వస్తుంది.

ఇందులో ఒకటి కాదు, మూడు తప్పులున్నాయి. మొదటిది మందం. పాలిస్టరు లప్పం రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే గతుకుల రోడ్ల మీద పగుళ్లు ఇస్తుంది కాబట్టి, సొట్టను వీలైనంత వరకు టింకరింగుతో లేపించుకుని, మిగిలిన పల్లానికే లప్పం పెట్టాలి. రెండవది లప్పం గట్టిపడటానికి కలిపే హార్డెనరు. నూరు గ్రాముల లప్పానికి సుమారు రెండు గ్రాములు చాలు. త్వరగా గట్టిపడుతుందని ఎక్కువ కలిపితే, అందులోని పెరాక్సైడ్ పైకి ఎగబాకి, కొన్ని వారాల తరువాత తెల్ల రంగు మీద పసుపు మచ్చగా తేలుతుంది.

మూడవది నీళ్లు. ఈ తప్పు మా షెడ్లలోనూ నిత్యం జరుగుతుందని ఒప్పుకోవాలి. పాలిస్టరు లప్పం స్పాంజి లాంటిది. నీళ్లతో రుద్దితే తేమను పీల్చుకుని దాచుకుంటుంది, పైన రంగు పడ్డాక ఎండ వేడికి ఆ తేమ బయటకు రాజూసి బుడగలు లేపుతుంది. అందువల్ల లప్పాన్ని 80తో మొదలుపెట్టి, 180, 320 వరకు పొడిగానే రుద్దాలి. చదునైన చోట చెక్క ముక్కకు కాగితం చుట్టి రుద్దాలి, ఎందుకంటే వేళ్లతో రుద్దితే వేళ్ల మధ్య సందులు కూడా రంగులో అలలుగా కనిపిస్తాయి. నీళ్ల ఎమరీ పని ప్రైమరు పడ్డాకే మొదలవుతుంది. రంగుకు ముందు ప్రైమరును 600 లేదా 800తో నీళ్లు పోస్తూ రుద్ది పూర్తిగా ఆరనివ్వాలి.

రంగు పడితే చిన్న చిన్న లోపాలు కప్పుకుపోతాయన్నది కూడా దీనికి తోడబుట్టిన అపోహే. మెరుపు ఎక్కినకొద్దీ లోపం ఎక్కువ కనిపిస్తుంది. ప్రైమరు మీద నీళ్లు తుడిచి, ట్యూబులైటు ప్రతిబింబం ఎక్కడ వంకర పోతోందో చూడండి. అక్కడ ఇంకా పని మిగిలి ఉంది.

అపోహ: ఏ రంగు మీదైనా ఏ రంగైనా వేయవచ్చు.

ఇంట్లో వేసిన రంగులను అన్నిటికన్నా ఎక్కువగా ముంచేది ఈ నమ్మకమే. బజారులో దొరికే రంగులను మన పనికి సరిపడా మూడు కుటుంబాలుగా చూడవచ్చు. ఎన్‌సీ రంగు నైట్రోసెల్యులోజుతో చేసినది. 1920లలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో పేరుతో తెచ్చిన రంగు ఈ జాతిదే, అందుకే మన పాత పెయింటర్లు నేటికీ గన్నుతో వేసే రంగునంతా డ్యూకో అనే అంటారు. ఇది కేవలం థిన్నరు ఆవిరైపోవడం వల్ల ఆరుతుంది కాబట్టి, మళ్లీ థిన్నరు తగిలితే ఎప్పటికైనా కరుగుతుంది. సింథటిక్ ఎనామిల్ మన తలుపులకు, గేట్లకు వేసే రంగు. టర్పెంటైన్‌తో పలుచన చేస్తాం, గాలిలోని ఆక్సిజనుతో కలిసి నిదానంగా గట్టిపడుతుంది. మూడవది పీయూ (పాలీయురేథేన్), అంటే హార్డెనరు కలిపి వేసే రెండు డబ్బాల రంగు.

ఎన్‌సీ థిన్నరు చాలా ఘాటైనది. దాన్ని సింథటిక్ ఎనామిల్ మీద కొడితే, కింద ఉన్న పొర ఉబ్బి, కాగిన పాల మీద మీగడ ముడతలు పడినట్టు లేస్తుంది. రెడ్ ఆక్సైడు గురించి హెచ్చరించింది కూడా ఇందుకే, మన గ్రిల్లు డబ్బాలలో ఉండేది ఎక్కువగా ఈ ఎనామిల్ జాతి ప్రైమరే. ఒకాయన మూడు వారాలు కష్టపడి రుద్దిన కారు పావుగంటలో ఇలా ముడతలు పడి, తోపుడు మీద మా దగ్గరకు వచ్చింది. గతంలో ఎవరో దాని డోర్లకు గేటు రంగు వేసి ఉన్నారని ఆయనకు తెలియదు.

అలా కాకూడదంటే, ఎన్‌సీ థిన్నరులో ముంచిన దూదిని డోరు కింది అంచున అర నిమిషం అదిమి చూడండి. రంగు కరిగి దూదికి అంటితే అది ఎన్‌సీ. ముడతలు పడితే ఎనామిల్, దాన్ని పూర్తిగా తీయాలి లేదా పైన ఎనామిలే వేయాలి. ఏమీ కాకపోతే ఫ్యాక్టరీ రంగో, పీయూనో అయి ఉంటుంది, దాని మీద ఏదైనా నిలుస్తుంది. పాత కారులో ఒక్కో డోరుకు ఒక్కో చరిత్ర ఉంటుంది కాబట్టి ప్రతి భాగాన్నీ విడిగా పరీక్షించాలి.

అపోహ: పీయూ వేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, తరువాత బెల్లం తింటే ఏమీ కాదు.

మా పనివాళ్లలో బెల్లం మీద, అరటిపండు మీద ఉన్న నమ్మకం తరతరాలది. దాన్ని నేను ఎగతాళి చేయను, నేనూ తిన్నవాడినే. కానీ గొంతులోంచి కడుపులోకి పోయే బెల్లం ఊపిరితిత్తుల్లోకి పోయిన రంగు తుంపరను కడగలేదు.

పీయూ హార్డెనరులో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే చేసినప్పుడు గాలిలో తేలే ఆ సన్నటి తుంపర ఉబ్బసం తెచ్చిపెట్టగలదు. ఒకసారి శరీరానికి అది పడకుండా పోయిందంటే, ఆ తరువాత కొద్దిగా తగిలినా ఊపిరి అందని స్థితి రావచ్చు. హాని చేసే స్థాయిలో ఉన్నా వాసన రాకపోవచ్చు కాబట్టి ముక్కును నమ్ముకోవడానికి వీల్లేదు. దీన్ని స్ప్రే చేసే మనిషికి బయటి నుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే మాస్కు ఉండాలి, అది ఇంట్లో కుదిరే ఏర్పాటు కాదు. పక్కింటి పిల్లలు ఆడుకునే చోట అసలే కాదు. నా మాట స్పష్టం: ఇంటి దగ్గర పీయూ స్ప్రే చేయకండి.

ఎన్‌సీ, ఎనామిల్ స్ప్రే చేసేటప్పుడు కూడా గుడ్డ చాలదు, ద్రావకాల ఆవిరిని పట్టే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు వాడాలి. థిన్నరు ఆవిరి గాలి కంటే బరువైనది, నేల మీదే పాకుతుంది. సెల్లారులో గానీ, మూసిన షెడ్డులో గానీ వేస్తే అది అంటుకోవడానికి నీళ్ల మోటారు స్విచ్చు దగ్గర పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు.

అపోహ: ఎండ ఎంత మండితే రంగు అంత బాగా ఆరుతుంది.

మే నెల మధ్యాహ్నం మా ఊళ్లో బానెట్టు మీద చేయి పెట్టలేము. అంత వేడి రేకు మీద రంగు పరుచుకునేలోపే ఆరిపోయి, గరుకుగా, నారింజ తొక్కలా మిగులుతుంది. అలాగని వానాకాలానికి వాయిదా వేస్తే ఇంకో చిక్కు. ఎన్‌సీ థిన్నరు వేగంగా ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది, ఉక్కపోత రోజున గాలిలోని తేమ ఆ చల్లటి పూత మీద చెమ్మగా దిగి, రంగు పాలిపోయి తెల్లటి పొగ పట్టినట్టవుతుంది. మేం దీన్ని బ్లష్ అంటాం. కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల వారికి ఇది బాగా ఎదురయ్యే సమస్య. నిదానంగా ఆరే థిన్నరు వాడటం కొంత నయం, పొడి రోజు కోసం ఆగడం ఇంకా నయం.

నా లెక్కలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మంచు పూర్తిగా విడిచాక ఉదయం పది నుంచి మూడు వరకు, నీడ పట్టున వేయడం ఉత్తమం. ఆలస్యం చేసి సాయంత్రం లైటు పెట్టుకుని వేస్తే పురుగులు వచ్చి పడతాయి, తొలకరి రోజుల్లోనైతే ఉసుళ్లు రంగులో ఈదుతాయి. ముందుగా నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు, అయితే కంప్రెసరు తీగలకు ఆ తడి తగలకుండా చూసుకోవాలి.

అపోహ: రోలరుతో కారుకు రంగు వేయడం నవ్వులాట.

నేనూ మొదట అలాగే నవ్వాను. గన్ను, కంప్రెసరు లేనివారికి సింథటిక్ ఎనామిల్‌ను నాలుగంగుళాల ఫోము రోలరుతో వేయడం నిజంగానే పనికొచ్చే పద్ధతి. తుంపర ఉండదు, పక్కవారి బట్టల మీద రంగు పడదు. రంగును టర్పెంటైన్‌తో బుడగలు వాటంతట అవే పగిలేంత పలుచన చేసి, మొదటి పూత కింద ఉన్నది కనిపించేంత పలుచగా ఉన్నా కంగారుపడకుండా, రోజుకు ఒక పూత చొప్పున ఐదారు పూతలు వేయాలి. రెండేసి పూతలకు ఒకసారి 800 నీళ్ల ఎమరీతో సమం చేసుకోవాలి. వారం పది రోజులు పడుతుంది. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే రోలరుతో వేశారని చెప్పడం కష్టం.

లోపాలూ చెప్పాలి. మన ఎండకు ఈ రంగు కొన్నేళ్లలోనే మెరుపు తగ్గి సున్నంలా పొడి రాలుతుంది, పెట్రోలు మూత దగ్గర చుక్కలు పడితే మసకబారుతుంది. రేపు ఎప్పుడైనా షెడ్డులో రంగు వేయించాలనుకుంటే ముందు దీన్ని తీసేయాల్సి వస్తుంది. పైన చెప్పిన ముడతల కథ గుర్తుంది కదా.

అపోహ: చిన్న కంప్రెసరు ఉంటే మొత్తం కారు ఒకేసారి కొట్టేయవచ్చు.

మామూలు గన్నుకు నిమిషానికి 8 నుంచి 10 ఘనపుటడుగుల గాలి కావాలి, 1 హెచ్‌పీ కంప్రెసరు ఇచ్చేది దాదాపు అందులో సగమే. ఒక్కో డోరు, ఒక్కో ఫెండరు చొప్పున వేసి ట్యాంకు నిండేదాకా ఆగండి. గాలి గొట్టానికి నీళ్లు పట్టే ఫిల్టరు తప్పనిసరి.

అపోహ: ఎలాగూ వేస్తున్నాం, రంగు మార్చేద్దాం.

ఉన్న రంగే వేస్తే డోరు లోపలి అంచులు, బానెట్టు కింది భాగం ముట్టుకోవలసిన పనిలేదు. రంగు మారిస్తే అవన్నీ విప్పి వేయాలి, లేకపోతే డోరు తెరిచినప్పుడల్లా పాత రంగు వెక్కిరిస్తుంది. మెటాలిక్ జోలికి అసలు పోవద్దు. అందులోని అల్యూమినియం రేణువులు గన్ను దూరం, వేగం కొద్దిగా మారినా వేరే దిక్కుకు పడుకుని మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి. పైగా ఆర్‌సీలో కారు రంగు నమోదై ఉంటుంది, మారిస్తే రవాణా శాఖకు దరఖాస్తు చేసి అందులో కూడా మార్పించుకోవాలి. జీపు మోజుతో ఆలివ్ గ్రీన్ వేయాలనుకునే కుర్రవాళ్లు, రక్షణ శాఖవి కాని వాహనాలకు ఆ రంగును కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 121వ నిబంధన అనుమతించదని తెలుసుకోవాలి.

అపోహ: వేలికి అంటడం లేదంటే ఆరినట్టే.

వేలికి అంటకపోవడం పైపొర సంగతి మాత్రమే. ఎనామిల్ లోపలిదాకా గట్టిపడటానికి వారాలు పడుతుంది. కనీసం నెల రోజుల వరకు వ్యాక్సు పట్టించవద్దు, కారు మీద కవరు కప్పి ఉంచవద్దు, పక్షుల రెట్ట పడితే అప్పుడే నీళ్లతో కడిగేయాలి. సంక్రాంతి సెలవుల్లో రంగు వేసుకునేవారు భోగి దాటాకే మొదలుపెట్టండి. తెల్లవారుజామున వీధిలో వేసిన మంటల మసి తడి రంగు మీద పడితే, మళ్లీ 800 కాగితం నుంచి మొదలుపెట్టాల్సిందే.