బోర్డు మీద రేటు ఎవరు రాస్తారు?

చిరంజీవులైన మనవరాలికి, మనవడికి తాతయ్య ఆశీస్సులు.

అమ్ములూ, మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "పేపర్లో వానలు ఒక పేజీ, ధరలు ఒక పేజీ, వేరే దేశాల గొడవలు ఇంకో పేజీ. అవన్నీ దేనికవే వేరా తాతయ్యా?" అన్నావు. రాత్రంతా అదే ఆలోచించాను. ఇదిగో, తీరిగ్గా రాస్తున్నా.

పాలగుమ్మి సాయినాథ్ అని ఒక విలేఖరి ఉన్నారు. మద్రాసులో పుట్టిన తెలుగాయన, రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరి గారి మనవడు. (ఈ ముక్క మీ నానమ్మ రాయమంది. నా కథకు దాంతో పని లేదు.) ముంబైలో పెద్ద పత్రికలో ఉన్న మనిషి, 1993లో దేశంలోని అతి పేద జిల్లాలు చూడ్డానికి బయల్దేరారు. బస్సు పోని చోట నడిచారు. మొత్తం మీద ఐదు వేల కిలోమీటర్ల దాకా నడకేనట! ఆ రాతలు 1996లో పుస్తకంగా వచ్చాయి.

ఆయన చెప్పే ఒక సంగతి నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ముంబైలో పెద్ద ఫ్యాషన్ షో జరిగింది. అమ్మాయిలు నూలు బట్టలు కట్టుకుని నడిచారు. అది రాయడానికి పాసులు తీసుకున్న విలేఖరులు 512 మంది. అక్కణ్ణుంచి విమానంలో గంట దూరంలో మహారాష్ట్రలోనే విదర్భ. అదే నూలుకు పత్తి పండించే రైతులు అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకుంటున్నారు. వాళ్ల గురించి రాయడానికి బయటి నుంచి వెళ్లింది ఆరుగురు. చొక్కా ఒక పేజీ, పత్తి ఇంకో పేజీ. కాదు, పత్తికి అసలు పేజీయే లేదు.

నాకిది ఎందుకు తగిలిందో చెప్తాను. 2001 చివర్లో నేనూ పత్తి బండి కట్టుకుని మార్కెట్ యార్డుకు వెళ్లినవాణ్ణే. వేళ్లకు కాయ మొనలు గుచ్చుకున్న గాట్లు అప్పటికింకా మానలేదు. అడ్తిదారు, అంటే కమీషన్ మీద పత్తి అమ్మిపెట్టేవాడు, బోరెంలో (పత్తి గోనెలో) మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి నలిపి, "తేమ ఉంది" అన్నాడు. పైగా బోర్డు మీద రేటు చూస్తే కళ్లు తిరిగాయి. ఆ రోజు నేను అడ్తిదారుని తిట్టుకున్నాను. మీ ముత్తాత దేవుణ్ణి తిట్టాడు. ఇద్దరం తప్పు మనుషుల్నే తిట్టామని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. అడ్తిదారుని పూర్తిగా వదిలేయలేను గానీ.

జరిగిందేమిటంటే, అమెరికాలో పత్తి వేసే రైతులు అప్పట్లో పాతిక వేల మంది. 2001-02లో వాళ్ల ప్రభుత్వం వాళ్లకు ఇచ్చిన డబ్బు 390 కోట్ల డాలర్లు. ఆఫ్రికాలో బర్కినా ఫాసో అని అప్పట్లో ఎక్కువగా పత్తి మీదే బతికిన దేశం ఉంది, ఆ రోజుల్లో ఆ దేశం మొత్తం ఏడాది సంపాదన కూడా అంత లేదు. ధర పడిపోయినా తేడా సర్కారు పూడ్చేది కాబట్టి అమెరికా రైతు ఇంకా వేసేవాడు, ఇంకా అమ్మేవాడు. 1995లో డాలరు దాటిన పౌను (అర కిలో కంటే కాస్త తక్కువ) పత్తి 2001 చివరికి నలభై సెంట్ల లోపుకు జారింది. మన మిల్లులకు బయటి పత్తే చవగ్గా దొరికింది. చివరికి ఆ రేటు సుద్దముక్కతో మన యార్డు బోర్డు మీదికొచ్చింది. బ్రెజిల్ 2002లో దీని మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు పెట్టి గెలిచింది కూడా.

సాయినాథ్ పని ఇదే. ఒక ఇంటి గడప దగ్గర "ఎందుకిలా?" అని మొదలుపెడతారు. ఆ ఎందుకు పట్టుకుని పోతూనే ఉంటారు. 2019లో అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు గురించి రాశారు. పొలాల్లో ఇసుక దిబ్బలు! రాజస్థాన్ కాదు, మన రాయలసీమ. ఎడారి ఎలా వచ్చింది? ఒక కారణం కాదు. కొర్రలూ సజ్జలూ పోయి ఎటు చూసినా వేరుశనగే అయింది. చెట్లు కొట్టేశారు. బోర్లు లోతుకు, ఇంకా లోతుకు పోయాయి. వేదవతి నది ఎండింది. వానల తీరు మారింది. వీటిలో వాతావరణం ఎంత, మార్కెట్టు ఎంత, మనుషులు ఎంత అని విడదీయబోతే చిక్కు పడిన దారంలా అన్నీ కలిసే వస్తాయి.

నాకొక చిన్న పేచీ ఉంది ఆయనతో. తప్పంతా పైవాళ్ల విధానాలదే అన్నట్టు రాస్తారని నాకు అనిపిస్తుంది. పక్కింటాయన బోరు వేశాడని పంతానికి నేను రెండోది వేశాను. ఆ పని ఏ ప్రభుత్వమూ నాతో చేయించలేదు. అయినా ఆయన రాతలు చదవకపోతే నేను ఇప్పటికీ ఆ అడ్తిదారు చెయ్యి దగ్గరే ఆగిపోయి ఉండేవాణ్ణి.

దసరా సెలవులకు రండి. మొదటి ఏరుడు అప్పటికి మొదలవుతుంది. నడుముకు సంచి కట్టుకుని ఒక్క సాలు ఏరి చూద్దురు గాని. వచ్చేముందు మీ చొక్కాల మెడ దగ్గరి లేబుల్ మీద ఏ దేశం పేరుందో చూసి కాగితం మీద రాసుకు రండి. అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

మీ తాతయ్య