ముందున్నవాడికి అరటితొక్క, వెనకున్నవాడికి మెరుపు

నింటెండో వాళ్ళ రేసింగ్ వీడియో గేమ్ మారియో కార్ట్ 8 డీలక్స్‌లో పన్నెండు కార్ట్‌లు (చిన్న రేసు బండ్లు) ఒకేసారి బయల్దేరతాయి. దారిలో అక్కడక్కడా రంగురంగుల ఐటెమ్ పెట్టెలు గాల్లో తేలుతుంటాయి. వాటిని గుద్దుకుంటూ వెళ్తే ఏదో ఒక వస్తువు చేతికొస్తుంది. పెట్టెలన్నీ ఒకేలా ఉంటాయి గానీ అందరికీ దొరికేది ఒకటి కాదు. మొదటి స్థానంలో ఉన్నవాడికి ఎక్కువగా ఓ నాణెమో, అరటితొక్కో, విసరడానికి ఓ పచ్చ తాబేటి చిప్పో వస్తుంది. ఎక్కడో వెనక పడిపోయినవాడికి వేగం పెంచే బంగారు పుట్టగొడుగు, కాసేపు ఏ దెబ్బా తగలనివ్వని నక్షత్రం, ముందున్న కార్ట్‌లను తోసుకుంటూ తీసుకుపోయే బుల్లెట్ బిల్ లాంటివి దొరుకుతాయి. మెరుపు కూడా వెనకున్నవాళ్ళ సొత్తే. అది వాడగానే మిగతా కార్ట్‌లన్నీ బొమ్మల్లా చిన్నవైపోయి నెమ్మదిస్తాయి. ఎంత ముందుంటే అంత ఎక్కువసేపు చిన్నగా ఉండిపోవాలి.

మొదటిసారి ఆడినవాళ్ళకి ఇది అన్యాయంగా అనిపిస్తుంది. బాగా నడిపినందుకు శిక్షా అని కోపం వస్తుంది. నా ఉద్దేశంలో మాత్రం గేముల చరిత్రలో ఇంత తెలివైన ఏర్పాట్లు చాలా తక్కువ. ఈ ఒక్క గేమ్ 6 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోవడం వెనక రంగులు, సంగీతం, మారియో మీసాలు ఉన్న మాట నిజమే. వాటితో పాటు ఈ లెక్క కూడా ఉంది.

దీన్ని నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. ఒక వ్యవస్థ ఒక పక్కకి ఒరిగిపోతుంటే, ఆ ఒరుగుడే దాన్ని వెనక్కి లాగే శక్తిని పుట్టించడం. భోజనం చేశాక రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఆ పెరుగుదలే ఇన్సులిన్‌ను రప్పిస్తుంది, ఇన్సులిన్ చక్కెరను దింపుతుంది. రేసు స్వభావం దీనికి సరిగ్గా వ్యతిరేకం. ముందున్నవాడికి అడ్డొచ్చే బండి ఉండదు, గుద్దుకునే గొడవ ఉండదు, తనకు నచ్చిన గీత మీద మలుపు తిరగొచ్చు. కాబట్టి ముందున్నవాడు ఇంకా ముందుకు పోతాడు, గుంపులో ఇరుక్కున్నవాడు ఇంకా వెనకబడతాడు. అలా వదిలేస్తే మొదటి ల్యాప్‌లోనే ఫలితం తేలిపోతుంది, మిగతా రెండు ల్యాప్‌లూ మొక్కుబడిగా తిరగాల్సిందే.

మన వైకుంఠపాళిలో కూడా పైగడుల దగ్గర పెద్ద పాము కాచుకుని ఉంటుంది. కానీ ఆ పాముకి కళ్ళు లేవు. ఎవరు ముందున్నారో, ఎవరు వెనకున్నారో దానికి తెలియదు, ఆ గడిలో ఎవరు పడితే వాళ్ళని మింగుతుంది. ఐటెమ్ పెట్టె అలా కాదు. నువ్వు ఎక్కడున్నావో చూసి మరీ ఇస్తుంది.

ఈ ఆట అసలు పుట్టిందే ఒక ఇబ్బందిలోంచి. నింటెండో 1990లో ఎఫ్-జీరో అనే వేగమైన రేసింగ్ గేమ్ తెచ్చింది. అది ఒక్కరే ఆడేది. దాన్ని ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడేలా చేద్దామని మొదలుపెడితే, తెరను రెండుగా చీల్చి అంత వేగాన్ని, అంత పొడవైన ట్రాక్‌లను చూపించడం ఆనాటి సూపర్ నింటెండో గేమ్ యంత్రం వల్ల కాలేదు. దాంతో ట్రాక్‌లు చిన్నవయ్యాయి, మలుపులు ఎక్కువయ్యాయి, రాకెట్ లాంటి బండ్ల స్థానంలో కార్ట్‌లు వచ్చాయి. మారియో వచ్చి కూర్చుంది ఆ తర్వాతే. అలా 1992లో సూపర్ మారియో కార్ట్ విడుదలైంది. తడాషి సుగియామా, హిదెకి కొన్నో దర్శకులు, షిగెరు మియామోటో నిర్మాత.

ఆ మొదటి ఆటలో కొండలూ గుట్టలూ ఉండవు. కారణం మోడ్ 7 అనే పద్ధతి. అది చదునైన ఒక బొమ్మను తిప్పగలదు, పెద్దది చేయగలదు, చిన్నది చేయగలదు, అంతే. టీవీ తెర మీద చిత్రం పైనుంచి కిందికి గీత తర్వాత గీతగా పడుతుంది కదా, ఒక్కో గీతకీ ఒక్కో కొలత ఇచ్చారు. పై గీతల్లో ట్రాక్ పటాన్ని బాగా కుదించారు, కింది గీతల్లో సాగదీశారు. చూసే కంటికి అది దూరంగా సాగిపోయే నేలలా అనిపిస్తుంది. ఆ లెక్కల భారం మోయడానికి క్యాసెట్‌లోనే విడిగా ఒక చిప్ పెట్టారు.

ఇక డ్రిఫ్ట్ సంగతి. పందెం తెలిసినవాళ్ళు ఆడుతున్నప్పుడు వాళ్ళ వేళ్ళను చూడండి. మలుపుకి కాస్త ముందు ఆర్ బటన్ నొక్కుతారు, కార్ట్ చిన్న గెంతు గెంతి పక్కకి జారడం మొదలెడుతుంది. బటన్ వదలరు. వెనక చక్రాల కింద నీలం నిప్పురవ్వలు లేస్తాయి. ఇంకాసేపు పట్టుకుంటే నారింజ రంగు, ఇంకా పట్టుకుంటే ఊదా రంగు. అప్పుడు వదిలితే కార్ట్ ఒక్క ఉదుటున దూసుకుపోతుంది. స్టిక్‌ని మలుపు లోపలి వైపుకి నెట్టిపెడితే రంగు త్వరగా మారుతుంది, కానీ కార్ట్ లోపలి గడ్డి మీదికి పోతుంది. బయటికి నెడితే దారి చేతుల్లో ఉంటుంది గానీ రంగు ఆలస్యమవుతుంది. ఆ రెండిటి మధ్య బొటనవేలు ఎడతెగకుండా బేరమాడుతూ ఉంటుంది. పనితనమంతా అక్కడే ఉంది.

నిజమైన తారు ట్రాక్ మీద ఇలా జారితే టైమ్ పోతుంది. టైరు తాను పోయే దిక్కుకి కొద్దిపాటి కోణంలో తిరిగి ఉన్నప్పుడే దాని పట్టు గరిష్ఠంగా ఉంటుంది. అది దాటితే రబ్బరు నేల మీద ఈడ్చుకుపోతుంది, ముందుకు పోవాల్సిన శక్తి వేడిగా మారుతుంది. ఆటలో ఈ భౌతికశాస్త్రాన్ని తెలిసే తలకిందులు చేశారు. లేకపోతే మలుపులో ఆటగాడికి వేగం తగ్గించుకోవడం తప్ప ఇంకో పని ఉండదు.

నిజం కార్ట్ కూడా తక్కువ విచిత్రమేం కాదు. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ గడ్డి కోసే యంత్రపు ఇంజిన్‌తో మొదటి గో-కార్ట్ కట్టాడు. నేటికీ రేసింగ్ కార్ట్‌లో వెనక చక్రాలు రెండూ ఒకే కడ్డీకి బిగించి ఉంటాయి, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే, కార్లలో ఉండే డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండూ ఒకే వేగంతో తిరుగుతుంటే బండి తిరగనని మొరాయిస్తుంది. అందుకే స్టీరింగ్ తిప్పగానే లోపలి వెనక చక్రం నేల మీంచి కొంచెం లేచేలా కడతారు. మూడు చక్రాల మీద మలుపు తిరిగి, మళ్ళీ నాలుగు చక్రాల మీద దిగుతుంది. గేమ్‌లో ఆ చిన్న గెంతు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

అందరికీ టెన్షన్ పెట్టే నీలి చిప్ప 1996లో మారియో కార్ట్ 64తో వచ్చింది. ఎవరు విసిరినా అది వెతుక్కుంటూ వెళ్ళేది మొదటి స్థానంలో ఉన్నవాడినే. 2003లో ఈ సిరీస్‌లోనే వచ్చిన డబుల్ డాష్‌లో దానికి రెక్కలొచ్చాయి, దాంతో మధ్యలో ఉన్నవాళ్ళకి తగలకుండా పైనుంచి ఎగిరిపోయేది. 2014లో మారియో కార్ట్ 8 వచ్చేదాకా ముందున్నవాడి దగ్గర దానికి విరుగుడు దాదాపు లేదు. ఎప్పుడో ఒక్క క్షణం సరిగ్గా చూసి పుట్టగొడుగు వాడి తప్పించుకుంటే తప్ప. 8లో సూపర్ హార్న్ ఇచ్చారు, అది మోగిస్తే చిప్ప పేలిపోతుంది. ఆ హార్న్ ముందున్నవాడికి అరుదుగానే దొరుకుతుంది, దొరికితే వాడకుండా దాచుకోవాలి, దాచుకుంటే అరటితొక్కను వెనక అడ్డంగా పెట్టుకునే చోటు ఒకటి తగ్గుతుంది. శిక్షలాగా ఉన్నదాన్ని నిర్ణయంగా మార్చారు. ఈ సిరీస్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన మార్పు ఇది.

పిల్లల కోసం డీలక్స్‌లో స్మార్ట్ స్టీరింగ్ అనే సదుపాయం ఉంది, కార్ట్ దారి తప్పి పడిపోకుండా చూస్తుంది. అయితే అది ఆన్‌లో ఉన్నంతసేపూ ఊదా రంగు నిప్పురవ్వలు రావు. సాయం తీసుకున్నవాడు ఆడగలడు, శిఖరం మాత్రం సాయం వదిలినవాడికే.

ఇదంతా పిల్లల ఆట అనుకునేవాళ్ళు ఫార్ములా వన్ వైపు చూడాలి. అక్కడ విండ్ టనెల్‌లో, అంటే గాలిని వేగంగా వీయించే సొరంగంలో, కారును పరీక్షించుకునే సమయాన్ని స్థానాన్ని బట్టి పంచుతారు. 2022 నుంచి మొదటి స్థానం జట్టుకి నిర్ణీత పరిమితిలో 70 శాతం, పదో స్థానం జట్టుకి 115 శాతం. అంటే ఐటెమ్ పెట్టె లెక్కే. 2011 నుంచి 2025 దాకా ఉన్న డీఆర్‌ఎస్ అనే ఏర్పాటు కూడా అంతే, ముందు కారుకి ఒక్క సెకను లోపు దగ్గరికొచ్చినవాడికే వెనక రెక్క తెరిచి గాలి అడ్డు తగ్గించుకునే అనుమతి.

హైదరాబాద్ వాళ్ళు ఇలాంటిదే ఇంకోటి కళ్ళారా చూశారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అందులో అటాక్ మోడ్ అనేది ఉంటుంది. డ్రైవర్ తన వేగమైన దారి వదిలి, మలుపు బయటి వైపున గుర్తుపెట్టిన చోటు మీదుగా పోవాలి. అలా పోతే కారు శక్తి కొంతసేపు 300 కిలోవాట్ల నుంచి 350కి పెరుగుతుంది. పోయినందుకు ముందు కాస్త టైమ్ నష్టం, స్థానం కూడా పోవచ్చు. ఇది ముందున్నవాడికీ వెనకున్నవాడికీ ఒకటే, పెట్టెలోంచి వచ్చే అదృష్టం కాదు. ఎప్పుడు వెళ్ళాలన్నదే తెలివి. పుట్టగొడుగు చేతిలో ఉన్నప్పుడు గడ్డి మీదుగా అడ్డదారి పట్టాలా వద్దా అని ఆలోచించడం సరిగ్గా ఇలాగే ఉంటుంది.

ఏ ఫీడ్‌బ్యాక్ అయినా తెలిసినవాళ్ళ చేతిలో పడితే ఆయుధమే. మారియో కార్ట్‌లో కొందరు కావాలనే వెనకబడతారు. వెనకుంటే మంచి వస్తువులు వస్తాయి కదా, నక్షత్రం ఒకటి, బుల్లెట్ బిల్ ఒకటి పోగేసుకుని, చివరి ల్యాప్‌లో అడ్డదారుల వెంట ఒక్కసారిగా విరుచుకుపడతారు. వెనకబడినవాడికి ఊతంగా పెట్టింది ముందుండగలిగినవాడి పన్నాగమైపోతుంది. నిబంధనల ప్రకారం ఇందులో తప్పేమీ లేదు, కానీ మొదటి రెండు ల్యాప్‌ల పందెం నీరుగారిపోతుంది.

2025 జూన్‌లో నింటెండో కొత్త గేమ్ యంత్రం స్విచ్ 2తో పాటు వచ్చిన మారియో కార్ట్ వరల్డ్‌లో ఒకేసారి 24 మంది బయల్దేరతారు. అందులోని నాకౌట్ టూర్ అనే పద్ధతిలో ల్యాప్‌లు ఉండవు, దారి పొడవునా చెక్‌పాయింట్లు ఉంటాయి. ఒక్కో చెక్‌పాయింట్ దగ్గర చివరి నలుగురు ఆటలోంచి వెళ్ళిపోవాలి. 24 కాస్తా 20, తర్వాత 16, 12, 8, చివరికి నలుగురు. మంచి వస్తువుల కోసం వెనక కూర్చోవచ్చు, కానీ మరీ వెనక కూర్చుంటే తర్వాతి గీత దగ్గరే ఇంటికి. ఐటెమ్ పెట్టె ఇచ్చే లెక్క ఎప్పటిలాగే ఉంది. మారిందల్లా వెనకుండటానికి కట్టాల్సిన ధర.