నల్ల పట్టు వెనుక చక్కెర

2016లో నెదర్లాండ్స్, ఫ్రాన్స్ కలిసి 16 కోట్ల యూరోలు పెట్టి రెండు పోర్ట్రెయిట్లు కొన్నాయి. 1634లో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన మార్టెన్ సోల్‌మన్స్, ఓప్‌యెన్ కోపిట్ దంపతుల బొమ్మలవి. ఐదేళ్లు తిరిగేసరికి, 2021లో, ఆమ్‌స్టర్‌డామ్‌లోని జాతీయ మ్యూజియం రైక్స్‌మ్యూజియం బానిసత్వం మీద పెట్టిన ప్రదర్శనలో ఈ దంపతుల కథ చెప్పింది. ఎందుకో తెలియాలంటే వాళ్ల డబ్బు ఎక్కడిదో చూడాలి.

1581లో స్పెయిన్ రాజును కాదని బయటికొచ్చిన డచ్ ప్రాంతాల్లో కాల్వినిస్టు (ప్రొటెస్టెంటుల్లో ఒక శాఖ) చర్చిలు బొమ్మలు వద్దన్నాయి. ఇక చిత్రకారులకు పని ఇచ్చేది ఎక్కువగా వర్తకులూ, నగర పెద్దలే. 1585లో ఇప్పటి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నగరం స్పెయిన్ చేతికి చిక్కాక చాలామంది ఉత్తరాన ఉన్న ఈ డచ్ ప్రాంతాలకు తరలివచ్చారు. మార్టెన్ తండ్రి కూడా అక్కడి నుంచి వచ్చినవాడే. ఆమ్‌స్టర్‌డామ్‌లో చక్కెర శుద్ధి చేసే కార్ఖానా నడిపాడు.

నిలువెత్తు పోర్ట్రెయిట్ అప్పటికి రాజులకూ ప్రభువులకూ చెల్లేది. ఇరవై ఏళ్లు దాటిన మార్టెన్ అదే వేయించుకున్నాడు. ఒంటి మీదంతా నలుపే. మొదట చూస్తే నిరాడంబరంగా అనిపిస్తుంది. కానీ చిక్కటి నలుపు రావాలంటే బట్టకు మళ్లీ మళ్లీ రంగు పట్టించాలి, అది బాగా ఖర్చుతో కూడిన పని. లేసు చేత్తో అల్లింది, బూట్ల మీద పెద్ద పెద్ద లేసు పువ్వులు, చేతిలో గ్లవ్. గొప్పలు పోకూడదని నేర్పిన మతానికీ, గొప్ప కనపడాలన్న కోరికకూ మధ్య కుదిరిన రాజీ ఆ నలుపు.

మనిషి స్వభావం కోసమైతే నేను అదే కాలపు డచ్ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ దగ్గరికి వెళతాను. 1633 ప్రాంతంలో ఆయన వేసిన పీటర్ వాన్ డెన్ బ్రూకె, సూరత్‌లో కూడా పనిచేసిన డచ్ ఈస్టిండియా కంపెనీ వర్తకుడు. ఒంటి మీద కంపెనీ బహూకరించిన బంగారు గొలుసు ఉంది, అది హోదా. కానీ జుట్టు చెదిరి ఉంది, ముఖం ఎర్రగా కమిలినట్టుంది, పెదాల మీద నవ్వు. హాల్స్ కుంచె గీతల్ని నున్నగా చెరిపేయలేదు. అందుకే ఆ మనిషి ఇప్పుడే ఏదో అనబోతున్నట్టు ఉంటాడు.

ఆ మనిషి ముఖం ఇంత బాగా కనిపించినా అతని వ్యాపారం ఎలా సాగిందో బొమ్మలో కనిపించదు. సోల్‌మన్స్ కుటుంబం చక్కెర విషయమూ అంతే. యూరప్‌కు వచ్చే ముడి చక్కెర చాలావరకు బ్రెజిల్ తోటల్లో ఆఫ్రికన్ బానిసల చాకిరీతో తయారయ్యేది. ఈ చరిత్రలో మన తీరానికీ భాగం ఉంది. మచిలీపట్నంలో అద్దకపు బట్టలు కొన్న ఆ డచ్ కంపెనీయే కోరమాండల్ తీరం నుంచి మనుషుల్ని కూడా కొని బటావియాకు (ఇప్పటి జకార్తా) ఓడల్లో తరలించింది.

ఈ సంగతులు బొమ్మ పక్కనే రాసిపెట్టడం సరైనదేనని నా అభిప్రాయం. రెంబ్రాంట్ పనితనం దానివల్ల ఏమీ తగ్గదు. బానిసత్వంలో తమ దేశం పాత్రకు డచ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో క్షమాపణ చెప్పింది. 2023 జులై 1న రాజు విల్లెమ్ అలెగ్జాండర్ కూడా చెప్పారు.