పాయింటర్లన్నీ ఒకటి కావు: కెర్నెల్ డ్రైవర్లలో మెమరీపై అపోహలు, వాస్తవాలు

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒక సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఎక్స్86 మెషీన్‌లో రెండు వారాలుగా చక్కగా నడుస్తున్న డ్రైవర్ ఇది. ఈరోజు ఆర్మ్ బోర్డు మీద వేస్తే లోడ్ అవ్వగానే ప్యానిక్ అవుతోంది" అన్నాడు. లాగ్ చూస్తే అలైన్‌మెంట్ ఫాల్ట్, అంటే అడ్రస్ సరైన హద్దు మీద పడలేదని ప్రాసెసర్ చేసే ఫిర్యాదు. పడింది మెమ్‌సెట్‌లో. డివైస్‌లోని 4 కిలోబైట్ల మెమరీని సున్నాలతో నింపే మామూలు లైన్ అది. అడ్రస్ సరైనదే, సైజు సరైనదే. ఒక అరగంట ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ అరగంటలో వచ్చిన మాటలూ, ఇన్నేళ్లలో రివ్యూలలో నాకు మళ్లీ మళ్లీ ఎదురైన అపోహలూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలన్నీ లినక్స్ కెర్నెల్‌వే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోవి. డ్రైవర్ అంటే అందులో ఒక హార్డ్‌వేర్‌ని నడిపే కోడ్. ఎక్స్86, ఆర్మ్ అనేవి రెండు ప్రాసెసర్ కుటుంబాలు.

అపోహ: ఐఓరీమ్యాప్ ఇచ్చేది పాయింటరే కదా, మెమ్‌కాపీ, మెమ్‌సెట్ వాడుకోవచ్చు.

తెల్లనివన్నీ పాలు అనుకోవడం లాంటిదే ఇది. పాయింటర్ అంటే ఒక మెమరీ అడ్రస్. డివైస్‌లోని మెమరీని అలాంటి అడ్రస్‌తో అందుకునేలా మ్యాప్ చేసి ఇచ్చే ఫంక్షన్ ఐఓరీమ్యాప్. సీ భాషకు అడ్రస్ తప్ప మరేమీ తెలియదు. ఆ అడ్రస్ వెనక ర్యామ్ ఉందో, నెట్‌వర్క్ కార్డులోని రిజిస్టర్ ఉందో దానికి పట్టదు. ప్రాసెసర్‌కి మాత్రం పడుతుంది. ఆర్మ్64లో ఐఓరీమ్యాప్ చేసిన ప్రాంతం "డివైస్" రకం మెమరీగా మ్యాప్ అవుతుంది. అక్కడ అలైన్ కాని యాక్సెస్ చేస్తే ఫాల్టే. ఇక మెమ్‌సెట్ విషయానికొస్తే, పెద్ద ప్రాంతాన్ని సున్నాలతో నింపాల్సి వచ్చినప్పుడు ఆర్మ్64 కెర్నెల్ ఒక్కో బైటూ రాస్తూ కూర్చోదు. ఒక బ్లాక్ మొత్తాన్ని ఒకేసారి సున్నా చేసే ప్రత్యేకమైన ఇన్‌స్ట్రక్షన్ ఉంది, దాన్ని వాడుతుంది. ర్యామ్ మీద అది చాలా వేగంగా పనిచేస్తుంది. డివైస్ మెమరీ మీద వాడితే మాత్రం, అడ్రస్ ఎంత చక్కగా అలైన్ అయి ఉన్నా సరే, అలైన్‌మెంట్ ఫాల్ట్ ఇవ్వాలని ఆర్కిటెక్చరే చెబుతోంది. మావాడి బోర్డు మీద జరిగింది అదే. మెమ్‌సెట్ తీసేసి, డివైస్ మెమరీ కోసమే ఉన్న మెమ్‌సెట్_ఐఓ పెట్టాం. డ్రైవర్ లోడ్ అయింది.

"మరి ఎక్స్86లో ఎలా నడిచింది?" అని అడిగాడు. అక్కడ మెమ్‌సెట్ వాడే ఇన్‌స్ట్రక్షన్లు డివైస్ మెమరీ మీద కూడా పనిచేస్తాయి కాబట్టి క్రాష్ అవ్వదు. అంతమాత్రాన అంతా బాగున్నట్టు కాదు. కొత్త ప్రాసెసర్లలో మెమ్‌కాపీ ఎన్ని బైట్లయినా ఒకే రిపీట్ ఇన్‌స్ట్రక్షన్‌తో కాపీ చేసేస్తుంది. క్యాష్ లేని డివైస్ మెమరీ మీద అది ఒక్కో బైటుగా బయటికి వెళ్లే ప్రమాదం ఉంది. డివైస్ మెమరీలోకి కాపీ చేసే మెమ్‌కాపీ_టుఐఓ అంటే మామూలు మెమ్‌కాపీయే అన్నట్టుగా ఎక్స్86లో కొన్నేళ్లు నడిచింది. దీని వల్లే 2019లో వచ్చిన 5.0 కెర్నెల్‌లో దానికి మళ్లీ సొంత కోడ్ రాశారు.

అపోహ: ఐఓమెమ్ అనే గుర్తు అలంకారం. వార్నింగ్ వస్తే కాస్ట్ చేసి (రకాన్ని బలవంతంగా మార్చి) పారేయొచ్చు.

డివైస్ మెమరీ పాయింటర్ల పక్కన కోడ్‌లో రాసే గుర్తు ఇది. దాని వల్ల తయారయ్యే మెషీన్ కోడ్‌లో ఒక్క బైటు కూడా మారదు. నిజమే. అది కంపైలర్ కోసం పెట్టింది కాదు, స్పార్స్ అనే పరీక్షా పనిముట్టు కోసం. లినస్ టోర్వాల్డ్స్ 2003లో స్పార్స్ రాయడం మొదలుపెట్టింది ఇలాంటి పాయింటర్ల కలగాపులగాన్ని పట్టుకోవడానికే. మేక్ కమాండ్‌కి సి=1 తగిలిస్తే, కంపైల్ అవుతున్న ప్రతి ఫైలునూ అది చూసి "డివైస్ పాయింటర్‌ని మామూలు పాయింటర్‌గా వాడుతున్నావు" అని చెబుతుంది. మావాడి కోడ్ మీద నడిపితే సరిగ్గా ఆ మెమ్‌సెట్ లైన్ మీదే వార్నింగ్ వచ్చింది. బోర్డు అక్కర్లేకుండానే రెండు వారాల ముందే దొరికి ఉండేది.

రివ్యూలో వాయిడ్ స్టార్‌కి (ఏ రకమూ చెప్పని పాయింటర్‌కి) బలవంతపు కాస్ట్ కనిపిస్తే నేను అక్కడే ఆగిపోతాను. "ఈ కాస్ట్ ఎందుకు?" అన్న ప్రశ్నకు సరైన జవాబు వచ్చిన సందర్భాలు నా అనుభవంలో చాలా తక్కువ.

అపోహ: బఫర్ ఎక్కడ ఉందో డ్రైవర్ రాసేవాడికి ముందే తెలుస్తుంది కాబట్టి ఏ హెల్పర్ (సాయపడే ఫంక్షన్) వాడాలో తనే ఎంచుకోవచ్చు.

చిన్న డ్రైవర్లలో తెలుస్తుంది. గ్రాఫిక్స్ వైపు వెళ్లగానే ఈ మాట చెల్లదు. స్క్రీన్ మీద కనిపించే బఫర్ ఒక కార్డులో సిస్టమ్ ర్యామ్‌లో ఉంటుంది, ఇంకో కార్డులో పీసీఐ బార్ (కార్డు మెమరీ ప్రాసెసర్‌కి కనిపించే అడ్రస్ కిటికీ) వెనక వీడియో మెమరీలో ఉంటుంది. ఒకే డ్రైవర్‌లో కూడా అవసరాన్ని బట్టి ఇటూ అటూ మారుతుంది. పైనున్న ఉమ్మడి కోడ్‌కి మాత్రం చేతికి వచ్చేది ఒక పాయింటరే. ఎక్స్86లో ఈ తేడా ఎవరికీ తగల్లేదు. స్పార్క్64 అనే ఇంకో ప్రాసెసర్ రకంలో తగిలింది. అక్కడ ఐఓ మెమరీని, అంటే డివైస్ మెమరీని, తాకాలంటే ఇన్‌స్ట్రక్షన్లే వేరు. బాక్స్ (Bochs) అనే వర్చువల్ డిస్‌ప్లే డ్రైవర్ ఫ్రేమ్‌బఫర్‌ని (స్క్రీన్ బఫర్‌ని) మామూలు ర్యామ్‌లా రాయబోయి అక్కడ కూలిపోయింది.

అందుకే 2020లో ఒక చిన్న స్ట్రక్చర్ తయారుచేశారు. మొదటి పేరు డీఎంఏ_బఫ్_మ్యాప్. లోపల ఉన్నవి రెండే: ఒక పాయింటర్, అది ఐఓ మెమరీదా కాదా అని చెప్పే ఒక బూలియన్. మ్యాప్ చేసినవాడికి నిజం తెలుసు కాబట్టి ఆ బూలియన్‌ని వాడే నింపుతాడు. ఆ తర్వాత ఎవరి చేతికి వెళ్లినా ఆ సమాచారం పాయింటర్‌తో పాటే వెళ్తుంది. దీనికి డీఎంఏ బఫర్లతో (ప్రాసెసర్ జోక్యం లేకుండా డివైస్ నేరుగా చదివే, రాసే బఫర్లతో) ప్రత్యేక సంబంధం ఏమీ లేదని తర్వాత స్పష్టమైంది. ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్‌లో కూడా ఇదే అవసరం పడింది: ప్రాసెసర్‌లో కలిసివచ్చే గ్రాఫిక్స్‌కి సిస్టమ్ మెమరీ, విడి కార్డుకి దాని సొంత మెమరీ. 2022లో 5.18 కెర్నెల్‌తో పేరు ఐఓసిస్_మ్యాప్ అయింది.

వాడకం తేలిక. కాపీ చేయాలంటే ఐఓసిస్_మ్యాప్_మెమ్‌కాపీ_టు. ఒక్క విలువ చదవాలంటే ఐఓసిస్_మ్యాప్_ఆర్‌డీ, రాయాలంటే ఐఓసిస్_మ్యాప్_డబ్ల్యూఆర్. స్ట్రక్చర్‌లోని ఒక్క ఫీల్డునే తాకాలంటే వాటికి ఫీల్డ్ రకాలు కూడా ఉన్నాయి. లోపల బూలియన్ చూసి, ఐఓ మెమరీ అయితే ఆ దారి, లేకపోతే మామూలు దారి పడుతుంది. లోపలి పాయింటర్‌ని బయటికి లాగి నేరుగా వాడటం మాత్రం చేయొద్దు. అలా చేస్తే మళ్లీ మొదటికే వస్తాం.

దీని మీద ఇంకో అపోహ కూడా వినిపిస్తుంది: ప్రతిసారీ ఆ "ఇఫ్" వల్ల స్లో అవుతుందని. ఒక లెక్క వేద్దాం. 1920 బై 1080 స్క్రీన్, పిక్సెల్‌కి 4 బైట్లు. మొత్తం 82,94,400 బైట్లు. దీన్ని వీడియో మెమరీ నుంచి 4 బైట్ల చొప్పున చదివితే 20,73,600 రీడ్‌లు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ దాటి వెళ్లి జవాబు తెచ్చే రీడ్‌కి ఒక మైక్రోసెకను పడుతుందనుకుంటే, ఒక్క ఫ్రేమ్ చదవడానికే 2 సెకన్ల పైన పడుతుంది. ఇక్కడ ఒక బూలియన్ చూడటానికి పట్టే సమయం లెక్కలోకే రాదు. నిజంగా వేగం కావాలంటే వీడియో మెమరీ నుంచి చదవడం మానేయాలి. ర్యామ్‌లో ఒక నకలు పెట్టుకుని, అందులో గీసి, మారిన భాగాన్ని మాత్రమే అవతలికి కాపీ చేయాలి. మ్యాపింగ్ కూడా ఐఓరీమ్యాప్_డబ్ల్యూసీతో చేస్తే చిన్న చిన్న రైట్‌లు కలిసి గుంపుగా వెళ్తాయి. రిజిస్టర్లకు మాత్రం ఈ రకం మ్యాపింగ్ పెట్టకండి. అక్కడ ప్రతి రైట్ విడిగా, వరుసలో చేరాలి.

అపోహ: వోలటైల్ పెడితే చాలు, హెల్పర్లు అక్కర్లేదు.

వోలటైల్ అంటే "ఈ విలువని ప్రతిసారీ నిజంగానే చదువు, రాయి" అని కంపైలర్‌కి చెప్పే సీ భాష పదం. మైక్రోకంట్రోలర్ల నుంచి వచ్చినవాళ్లలో ఈ నమ్మకం బలంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ అది చాలాసార్లు పనిచేస్తుంది. కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో మాత్రం వోలటైల్ వాడొద్దని చెప్పడానికే ఒక పేజీ కేటాయించారు. వోలటైల్ కట్టడి చేసేది కంపైలర్‌ని మాత్రమే. ప్రాసెసర్ తన రైట్‌లను ఏ వరుసలో బయటికి పంపుతుందో దానికి సంబంధం లేదు.

ఒక నెట్‌వర్క్ కార్డు ప్యాకెట్ పంపే తీరు చూడండి. ర్యామ్‌లో ఒక డిస్క్రిప్టర్ ఉంటుంది. అందులో ప్యాకెట్ అడ్రస్, పొడవు రాస్తాం. ఆ తర్వాత "ఇది ఇక నీది" అని కార్డుకి చెప్పే ఓనర్ బిట్ పెడతాం. చివరిగా కార్డులోని డోర్‌బెల్ రిజిస్టర్‌లో రాస్తాం, అంటే గంట కొడతాం. ఆర్మ్ లాంటి ప్రాసెసర్‌లో ఓనర్ బిట్ ముందు కనిపించి, పొడవు తర్వాత కనిపించే అవకాశం ఉంది. అప్పుడు కార్డు పాత పొడవుతో ప్యాకెట్ పంపేస్తుంది. గంటకో రెండు గంటలకో ఒకసారి జరుగుతుంది. ప్రింట్ పెడితే టైమింగ్ మారి మాయమైపోతుంది. ఇలాంటి బగ్ వెతకడం ఎంత టెన్షనో అనుభవించినవాళ్లకే తెలుసు.

మందు తెలిసిందే. పొడవుకీ ఓనర్ బిట్‌కీ మధ్య డీఎంఏ_డబ్ల్యూఎంబీ అనే బ్యారియర్, అంటే రైట్‌ల వరుస తప్పకుండా చూసే అడ్డుకట్ట. గంట కొట్టడానికి రైట్ఎల్, అంటే రిజిస్టర్‌లో రాసే ఫంక్షన్ (చదివేది రీడ్ఎల్). రైట్ఎల్‌లోనే ఒక బ్యారియర్ దాగి ఉంది: అంతకుముందు ర్యామ్‌లో రాసినవి డివైస్‌కి కనిపించేలా చేశాకే అది రిజిస్టర్‌కి వెళ్తుంది. వేగం కోసమని రైట్ఎల్_రిలాక్స్‌డ్ పెట్టారంటే ఆ హామీని చేతులారా వదులుకున్నట్టే. వరుసగా పది రిజిస్టర్లు సెట్ చేసేటప్పుడు రిలాక్స్‌డ్ రకం బాగుంటుంది. డోర్‌బెల్ దగ్గర మాత్రం వద్దు.

బఫర్ డీఎంఏ_అలాక్_కొహిరెంట్‌తో తీసుకున్నాం కాబట్టి బ్యారియర్లు అక్కర్లేదు అనేవాళ్లూ ఉన్నారు. కొహిరెంట్ అంటే క్యాష్ ఫ్లష్ బాధ్యత మీకు లేదని. వరుస బాధ్యత మీ మీదే ఉంటుంది.

అపోహ: రైట్ఎల్ నుంచి బయటికి వచ్చామంటే విలువ డివైస్‌కి చేరిపోయినట్టే.

పీసీఐ మీద రైట్‌లు పోస్టులో వేసిన ఉత్తరాల్లాంటివి. డబ్బాలో వేసి మనం ఇంటికి వచ్చేస్తాం, అది చేరేది తర్వాత. ఒకసారి ఒక కార్డుని రీసెట్ చేసే కోడ్ చూశాను. రీసెట్ బిట్‌లో 1 రాసి, 10 మైక్రోసెకన్లు ఆగి, 0 రాస్తుంది. ల్యాబ్‌లో బాగానే నడిచేది. కస్టమర్ దగ్గర, మధ్యలో రెండు స్విచ్‌లున్న సర్వర్‌లో, అప్పుడప్పుడు కార్డు లేచేది కాదు. 1 దారిలో ఉండగానే ఇక్కడ 10 మైక్రోసెకన్లు గడిచిపోయేవి. వెనకే 0 కూడా బయల్దేరేది. కార్డుకి రెండూ దాదాపు కలిసే చేరేవి, రీసెట్‌కి కావలసిన వ్యవధి దొరికేది కాదు. 1 రాసిన వెంటనే అదే డివైస్ నుంచి ఒక రిజిస్టర్‌ని రీడ్ఎల్‌తో చదివి, ఆ తర్వాత ఆగేలా మార్చాం. ముందు వెళ్లిన రైట్‌లు చేరాకే రీడ్‌కి జవాబు వస్తుంది. మార్పు ఒక్క లైనే. దాని పైన మూడు లైన్ల కామెంట్ రాయించాను, తర్వాత ఎవరో "ఈ రీడ్ ఎందుకు" అని తీసేయకుండా.

అపోహ: రీడ్ఎల్ చదివిన విలువని లిటిల్ ఎండియన్ నుంచి మనమే మార్చుకోవాలి.

ఎండియన్ అంటే సంఖ్యలోని బైట్లు మెమరీలో ఏ వరుసలో ఉంటాయన్నది. ఇక్కడ మార్చుకోనక్కర్లేదు. రీడ్ఎల్, రైట్ఎల్ ఆ పని చేసే ఇస్తాయి. మీరు మళ్లీ మారిస్తే బిగ్ ఎండియన్ మెషీన్‌లో బైట్లు తిరగబడతాయి. ర్యామ్‌లోని డిస్క్రిప్టర్ సంగతి వేరు. దాన్ని మీరే నేరుగా నింపుతున్నారు కాబట్టి అక్కడ సీపీయూ_టు_ఎల్ఈ32తో లిటిల్ ఎండియన్‌కి మార్చడం మీ పనే.

అపోహ: కెర్నెల్ మెమరీ ఏదైనా డీఎంఏకి పనికొస్తుంది, ఫిజికల్ అడ్రస్ ఇస్తే చాలు.

డివైస్‌కి కనిపించే అడ్రస్ వేరు. మధ్యలో ఐఓఎంఎంయూ (డివైస్ వాడే అడ్రస్‌లను మార్చే హార్డ్‌వేర్) ఉంటే అది పూర్తిగా వేరే సంఖ్య. డీఎంఏ_మ్యాప్_సింగిల్ తిరిగి ఇచ్చిన విలువే డివైస్‌కి ఇవ్వాలి, అదీ డీఎంఏ_మ్యాపింగ్_ఎర్రర్‌తో పరీక్షించాక. స్టాక్ మీది (ఫంక్షన్ లోకల్ వేరియబుల్స్ ఉండే చోటి) బఫర్‌ని అసలు ఇవ్వకూడదు. ఈ నియమం ఎప్పటినుంచో ఉన్నా చాలామంది పట్టించుకోలేదు. 2016లో 4.9 కెర్నెల్ నుంచి ఎక్స్86లో స్టాక్‌లు వీమాలాక్ ప్రాంతానికి (ఫిజికల్‌గా పక్కపక్కన ఉండనక్కర్లేని మెమరీకి) మారాయి. అంతవరకూ చల్లగా నడిచిన ఎన్నో యూఎస్‌బీ డ్రైవర్లు ఒక్కసారిగా విరిగాయి. ఆ చిన్న బఫర్లన్నీ, ఫిజికల్‌గా వరుసగా ఉండే మెమరీ ఇచ్చే కేమాలాక్‌కి మార్చుకోవాల్సి వచ్చింది.

అపోహ: కాపీ_ఫ్రమ్_యూజర్ ఎర్రర్ కోడ్ ఇస్తుంది.

యూజర్ ప్రోగ్రామ్ మెమరీ నుంచి కెర్నెల్‌లోకి కాపీ చేసే ఫంక్షన్ అది. అది ఇచ్చేది కాపీ కాకుండా మిగిలిపోయిన బైట్ల సంఖ్య. దాన్నే ఐఓసీటీఎల్ (ప్రోగ్రామ్ డ్రైవర్‌కి ఆజ్ఞలిచ్చే దారి) నుంచి రిటర్న్ చేస్తే యూజర్ ప్రోగ్రామ్‌కి పాజిటివ్ సంఖ్య అందుతుంది, అంతా సవ్యంగా ఉందనుకుంటుంది. సున్నా కాకపోతే మైనస్ ఈఫాల్ట్ (చెల్లని అడ్రస్ అనే ఎర్రర్) మీరే ఇవ్వాలి. యూజర్ పాయింటర్‌ని నేరుగా తాకడం గురించి చెప్పనక్కర్లేదు. ఇప్పటి ప్రాసెసర్లు ఆ ప్రయత్నాన్నే ఫాల్ట్‌గా ఆపేస్తాయి.

అపోహ: రీడ్ఎల్ ఫెయిల్ అవ్వదు.

ఫెయిల్ అయినా మీకు చెప్పే మార్గం దానికి లేదు, అంతే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు ఊడిపోయినా, లింక్ పడిపోయినా సాధారణంగా 32 బిట్లూ ఒకట్లే వస్తాయి. ఇప్పుడు "రెడీ బిట్ 1 అయ్యేదాకా ఆగు" అని రాసిన లూప్‌ని ఊహించండి. కార్డు లేకపోయినా అది వెంటనే "రెడీ" అంటుంది. "బిజీ బిట్ 0 అయ్యేదాకా ఆగు" అని రాసిన లూప్ అయితే ఎప్పటికీ బయటికి రాదు, ఆ సీపీయూ అక్కడే చిక్కుకుపోతుంది. కాబట్టి లూప్ మీరు చేత్తో రాయకండి. టైమౌట్ తీసుకునే రీడ్ఎల్_పోల్_టైమౌట్ కెర్నెల్‌లో సిద్ధంగా ఉంది. దాని నుంచి వచ్చాక విలువ మొత్తం ఒకట్లేనా అని ఒక్కసారి చూడండి. ఆ రిజిస్టర్‌కి అన్నీ ఒకట్లు ఉండటం మామూలే అయితే, ఎప్పుడూ అలా ఉండని ఇంకో రిజిస్టర్‌ని, ఉదాహరణకి వెర్షన్ రిజిస్టర్‌ని, చదివి పోల్చుకోండి. మావాడు ఆ రోజు ఇంటికి వెళ్లేముందు తన డ్రైవర్‌లో ఇలాంటి లూప్‌లు నాలుగు వెతికి పట్టుకున్నాడు. అందులో ఒకటి ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోనే ఉంది.