నీళ్లు తక్కువ, మడి ఎక్కువ: అనంతపురం బోర్ల వెనక కథ

అనంతపురంలో వాన తక్కువన్నది కొత్త సంగతేమీ కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ పడితే పడినట్టు. నైరుతి మేఘాలు పశ్చిమ కనుమల అవతలే చాలావరకు కురిసిపోతాయి, బంగాళాఖాతం తుపాన్లు ఇంత దూరం వచ్చేసరికి నీరసిస్తాయి. మన ముత్తాతలకూ ఇంతే. వాళ్లు ముప్పై నలభై అడుగుల బావిలోంచి ఎద్దులతో నీళ్లు లాగే కపిల తోలి పైరు పండిస్తే, ఈరోజు ఎనిమిది వందలు, వెయ్యి అడుగులు దింపినా చుక్క పడని పొలాలున్నాయి. కరువుకు వాననొక్కదాన్నే తిడితే ఈ తేడా అర్థం కాదు.

అనంతపురం పేరే ఒక చెరువు నుంచి వచ్చిందంటారు. 1364 ప్రాంతంలో మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు ఇక్కడ పండమేరు వాగుకు అడ్డంగా చెరువు కట్టించాడని చెబుతారు. బుక్కరాయసముద్రం, అనంతసాగరం ఆ కాలపు పేర్లే. ఆ తర్వాత అయిదేళ్లకు, 1369లో, కడప జిల్లా పోరుమామిళ్లలో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు పెద్ద చెరువు తవ్వించి శాసనం వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు ఆ శాసనంలో ఉన్నాయి. కట్టలోంచి నీళ్లు ఊరడం ఒక దోషం, చవుడు నేల ఇంకొకటి. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువుండటం కూడా దోషమే (తుంగభద్ర నీళ్ల పంచాయితీలు చూసినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు). మరొకటి: నీళ్లు తక్కువై, పారించే నేల ఎక్కువ కావడం. సీమ నీటి చరిత్రను ఇంతకంటే క్లుప్తంగా చెప్పిన మాట నాకు ఎక్కడా కనపడలేదు.

చెరువు కట్టడం ఒక పని, దాన్ని నిలబెట్టుకోవడం ఇంకో పని. కట్టించినవాళ్లకు, మరమ్మతులు చూసేవాళ్లకు దశబంధం మాన్యాలు, అంటే ఆ పనికి ప్రతిఫలంగా ఇచ్చిన భూములు, ఉండేవి. ఊళ్లో నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు, ఈ ఏడు వరి ఎంతవరకు వేయొచ్చు అన్న లెక్క అతనికి తెలుసు. నీళ్లు సగమే ఉంటే మడి కూడా సగమే తడిసేది. అందులో కులాల ఎక్కువ తక్కువలు, పెద్దరైతుల పెత్తనం లేవని కాదు. కానీ నీళ్లు అందరి కళ్ల ముందే ఉండేవి కాబట్టి లెక్క దాచడానికి లేదు. తెల్లదొరల ప్రభుత్వం వచ్చాక ఈ నిర్వహణ మెల్లగా సర్కారు పద్దులోకి పోయింది. ఎవరిదీ కాని చెరువు పూడిపోయింది, వంకలు కబ్జా అయ్యాయి.

ఆ తర్వాత వంతు బావులది. బావికి ఒక మేలుంది: ఎద్దులు లాగినంతే నీళ్లు. కరెంటు మోటారు వచ్చాక ఆ హద్దు పోయింది. బావి ఎండితే అడుగున ఇన్‌వెల్ బోరు, అదీ ఎండితే పొలంలో రిగ్గు. ఇక్కడి నేల గట్టి రాతి నేల. నీళ్లు ప్రధానంగా పైనున్న మెత్తటి పొరలో, దాని కింది పగుళ్లలో ఉంటాయి. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి. నీళ్ల జాడ చూసేవాడి అరచేతిలో కొబ్బరికాయ నిలబడిన చోట రిగ్గు దిగుతుంది, తెల్లని రాతిపిండి ఎగజిమ్ముతుంది. ఆ పిండి తడి అవుతుందేమోనని ఇంటిల్లిపాదీ టెన్షన్‌గా చూస్తుంటారు. అడుగుకింత అని రేటు కాబట్టి తడి కాకపోయినా డబ్బులు కట్టాల్సిందే.

రైతుది అత్యాశ అనడం తేలిక. వాన మీదే శెనక్కాయ వేసి ఏటా నష్టపోయినవాడికి చీనీ (బత్తాయి) తోట ఒక్కటే ఆశగా కనిపించింది. చీనీ చెట్టు కాపుకు రావడానికి నాలుగైదేళ్లు, ఆ మధ్యలో బోరు ఎండితే ట్యాంకర్లు తోలైనా బతికించుకోవాలి. 2004లో వచ్చిన ఉచిత కరెంటు ఆ రైతుకు నిజంగా ఊపిరిచ్చింది. తోడకానికి ఉన్న చివరి అడ్డూ దాంతోనే తొలగింది. బోర్లను అదుపు చేయడానికి 2002లోనే నీరు, భూమి, చెట్ల సంరక్షణకు వాల్టా చట్టం తెచ్చారు గానీ, రిగ్గు రాత్రిపూట వచ్చి తెల్లారేసరికి వెళ్లిపోతే చట్టం చేసేదేముంది? డ్రిప్పు కూడా అంతే. మిగిలిన నీళ్లతో ఇంకో ఎకరం నాటితే భూమిలో మిగిలేది ఏమీ లేదు.

దీనికి ఎదురునడిచిన ప్రయత్నం ఒకటుంది. 2003 తర్వాత అనంతపురం, కర్నూలు, కడపతో కలిపి ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే ప్రాజెక్టు నడిచింది. ఊళ్లో వానను కొలిచే గేజీ పెట్టారు, టేపు దించి బోర్లలో నీటిమట్టం రాసుకున్నారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలు తాగేదెంత అని బోర్డు మీద లెక్కేశారు. ఎవరూ ఎవరికీ వరి వేయొద్దని చెప్పలేదు. లెక్క చూసి చాలామంది తక్కువ నీళ్లతో పండే ఆరుతడి పంటలకు మారారు. నీరుగంటి పోయాక ఊరు తన నీళ్లను మళ్లీ లెక్కపెట్టుకుంది అప్పుడే. ప్రాజెక్టు ముగిశాక దాన్ని నడిపించే వ్యవస్థను సర్కారు నిలబెట్టలేదు.

ఈలోగా చూపంతా నదుల మీదే. 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయింది, ఆ తర్వాత ఎగువ కాలువ ద్వారా సీమకు నీళ్లొచ్చాయి. ఆ కాలువలో మన వాటా 32.5 టీఎంసీలని కాగితం మీదుంది. డ్యాంలో మొదట సుమారు 133 టీఎంసీలు పట్టేది, పూడికతో ఇప్పుడు 105 చిల్లరే. 2012లో హంద్రీనీవా ఎత్తిపోతల పథకం ద్వారా కృష్ణా నీళ్లు అనంతపురం జిల్లాలోని జీడిపల్లి జలాశయానికి చేరాయి. శ్రీశైలం వెనక నీళ్లను మెట్టుమెట్టుకూ పంపులతో ఎత్తి తెచ్చేవి అవి, కరెంటు బిల్లు తక్కువేం కాదు. అలా వచ్చిన నీళ్లతో చెరువు నిండితే దిగువ పాత బోర్లు కోలుకుంటాయి, కొత్త బోర్లూ పడతాయి. నీళ్లు వదిలే రోజు జలహారతికి నాయకులందరూ వస్తారు. ఆ చెరువు కింద ఎన్ని బోర్లు, ఏ పంటకు, ఎంత తోడాలో ఊరిని కూర్చోబెట్టి మాట్లాడించడం మాత్రం ఇంకా ఏ శాఖ పనీ కాలేదు.