సీటులో తువ్వాలు

పర్చూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక మా అత్తమ్మ రోజూ గుప్పెడు నానబెట్టిన శనగలు తింటోందండీ. శనగల్లో క్యాన్సర్ మందుందని వాట్సాప్‌లో చూసి, మాత్రలు మానేస్తానంటోంది. నిజమేనా?"

నిజం కాదమ్మా. కానీ ఆ మాటకు మూలం ఉంది, అది అద్భుతమైనది.

మన నల్లరేగడి శనగ చేలో మంచు వేళ నడిస్తే పంచె అంచు పుల్లగా తడుస్తుంది. ఆ పులుపు ఆకు మీది ఆమ్లాలది. ఆకుల్లో, వేళ్లలో బూజు తెగుళ్లను తట్టుకోవడానికి మొక్క చేసుకునే సరుకు వేరు. అందులో ఒకటి బయోకానిన్-ఎ. ఐసోఫ్లేవోన్లు అనే మొక్కల పదార్థాల కుటుంబంలోది. కాస్త గింజలోనూ ఉంటుంది. మన ఒంట్లో దానికున్న మిథైల్ అనే చిన్న తోక ఊడితే జెనిస్టీన్ అవుతుంది. సోయాలో దండిగా ఉండేది ఇదే.

ఒంగోలు బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేస్తాం కదా, జెనిస్టీన్ చేసేదీ అదే. కణానికి, క్యాన్సర్ కణానికి కూడా, "పెరుగు" అనే కబురు మోసే ఎంజైముల్లో టైరోసిన్ కైనేజులు ముఖ్యం. వాటిలో ఏటీపీకి, అంటే కణానికి శక్తినిచ్చే అణువుకు, ఒక సీటుంది. అక్కడ కూర్చుని తన చివరి ఫాస్ఫేటును ప్రోటీన్‌లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి అప్పజెబితేనే కబురు ముందుకెళ్తుంది. జెనిస్టీన్ ఆ సీటు ఆపుతుంది, ఇవ్వడానికి దాని దగ్గర ఫాస్ఫేటు లేదు. అయితే తువ్వాలుకు మేకు కొట్టలేదు. ఏటీపీలు ఎక్కువైతే పక్కకు నెట్టి కూర్చుంటాయి. 1987లో జపాన్ శాస్త్రవేత్తలు చూపింది ఈ పోటీనే. బళ్లో తాళం, తాళంచెవి అని చెబితే ఈ తోపులాట పిల్లలకు తట్టదు. నేను తువ్వాలే చెబుతాను.

దీని తోబుట్టువు డైడ్జీన్. దానికి ఒక్క హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) తక్కువ, కైనేజు సీటులో నిలవదు. అందుకే పరిశోధకులు కణాలు పెంచే రెండు గిన్నెల్లో చెరొకటి వేసి చూస్తారు. జెనిస్టీన్ గిన్నెలోనే మార్పొస్తే కైనేజు మీద అనుమానం బలపడుతుంది.

ఆ గిన్నెల్లో తరచు లీటరుకు 50, 100 మైక్రోమోల్స్ (అణువుల సంఖ్యకు ఒక కొలత) జెనిస్టీన్ పోస్తారు. సోయా బాగా తినేవాళ్ల రక్తంలోనే కొద్ది మైక్రోమోల్స్ మించదు. అందులోనూ ఎక్కువ భాగానికి పేగు, కాలేయం గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించేసి ఉంటాయి, అలాంటిది సీటు ఆపడానికి పెద్దగా పనికిరాదు. శనగల్లో సోయా కంటే ఐసోఫ్లేవోన్లు చాలా తక్కువ. ఇక కణం లోపల ఏటీపీ లెక్క మిల్లీమోల్స్‌లో, అంటే మైక్రోమోల్‌కు వెయ్యి రెట్లు. ఒక్క తువ్వాలు మీదికి వెయ్యి మంది ఎక్కుతున్నారన్నమాట!

అత్తమ్మగారికి శనగలు పెట్టండి, మాంసకృత్తులకు మంచివి. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మాననివ్వకండి.